ఏకాభిప్రాయం పేరుతో వీటో: ప్లాస్టిక్ ఒప్పందంలో మన దేశ వైఖరి మారాలి

సంపాదకులకు,

ఆర్యా,

ప్లాస్టిక్ కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందం కోసం 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు విఫలమైన తీరుపై మీ పత్రికలో వచ్చిన వ్యాసాలు చదివాను. చమురు ఉత్పత్తి దేశాల మొండితనాన్ని, పెట్రోరసాయన పరిశ్రమల ఒత్తిడిని, ఉత్పత్తిపై పరిమితులకు అమెరికా చెప్పిన అభ్యంతరాన్ని ఆ వ్యాసాలు సరిగానే ఎత్తిచూపాయి. అయితే సంఖ్యలో కొద్దిపాటివే అయిన ఆ దేశాలు నూట ఎనభైకి పైగా దేశాలు కూర్చున్న సభను ఎలా నిలిపివేయగలిగాయన్న ప్రశ్నకు మాత్రం వాటిలో జవాబు కనిపించలేదు. సభా నిర్వహణ నియమావళిలో ఎవరూ పెద్దగా చదవని 38వ నిబంధనలో ఆ జవాబు ఉంది. ఆ నిబంధన అమలులోకి రాకుండా అడ్డుపడిన దేశాల్లో మన దేశం కూడా ఉందన్న సంగతి తెలుగు పాఠకులకు తెలియాలన్న ఉద్దేశంతోనే ఈ లేఖ రాస్తున్నాను.

2022 మార్చి 2న నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ అసెంబ్లీ ఈ ఒప్పందం కోసం చర్చల సంఘాన్ని ఏర్పాటు చేస్తూ 2024 చివరికల్లా పని ముగించాలని గడువు పెట్టింది. ఉరుగ్వేలోని పుంటా డెల్ ఎస్తేలో మొదలైన చర్చలు పారిస్, నైరోబీ, ఒట్టావా, బుసాన్ నగరాలు తిరిగి, గడువు దాటిపోయాక జెనీవా చేరి, అక్కడా పాఠం ఖరారు కాకుండానే వాయిదా పడ్డాయి. ప్రయత్నాలన్నీ చేసినా ఏకాభిప్రాయం కుదరనప్పుడు, చివరి మార్గంగా మూడింట రెండు వంతుల మెజారిటీతో ఓటు వేసి నిర్ణయించవచ్చని ముసాయిదా నియమావళిలోని 38వ నిబంధన చెబుతోంది. 2023లో పారిస్ సమావేశంలో సౌదీ అరేబియా, రష్యా, చైనా, బ్రెజిల్‌తో పాటు భారత్ కూడా దీనిపై అభ్యంతరం లేవనెత్తడంతో, అయిదు రోజుల సభలో దాదాపు మొదటి రెండు రోజులు ఒప్పందంలోని విషయాల జోలికే పోకుండా గడిచిపోయాయి. నిబంధనపై సభ్యదేశాల మధ్య అంగీకారం లేదని ఒక వివరణను నమోదు చేసి, ఆ వివాదాన్ని అలాగే వదిలేసి ముందుకు నడిచారు. బుసాన్‌లో నూరుకు పైగా దేశాలు ప్లాస్టిక్ ఉత్పత్తి తగ్గింపును ఒప్పందంలో చేర్చాలని కోరినా ఆ సంఖ్యకు విలువ లేకుండా పోవడానికి కారణం ఇదే. ఓటు ఉండదని ముందే తెలిసినప్పుడు, ఒప్పందమే ఇష్టం లేని దేశానికి రాజీపడవలసిన అవసరం ఏముంటుంది? ఒక చెరువు కింది ఆయకట్టుదారులంతా ఒప్పుకుంటేనే తూము ఎత్తాలని కట్టుబాటు పెట్టుకుంటే, నీళ్ల అవసరం లేని రైతే ఆ ఊరికి పెద్ద అవుతాడు.

ఏకాభిప్రాయమే చిన్న దేశాలకు, బీద దేశాలకు రక్షణ కవచమని ఢిల్లీ వాదన. ఈ వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది కాబట్టి, గడచిన పుష్కర కాలంలో పెద్ద పర్యావరణ సభలు ముగిసిన తీరుతో దానిని పోల్చి చూడడం అవసరం. ఐక్యరాజ్యసమితి సంప్రదాయంలో ఏకాభిప్రాయమంటే అందరూ ఒప్పుకోవడం కాదు. అధ్యక్షుడు సుత్తి కొట్టేలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోవడం. ఆ అభ్యంతరాన్ని విన్నాడో లేదో, విన్నా లెక్కలోకి తీసుకున్నాడో లేదో తేల్చేది కూడా ఆ అధ్యక్షుడే. 2012 దోహా వాతావరణ సభలో రష్యా, బెలారుస్, ఉక్రెయిన్ అభ్యంతరాలను పక్కనబెట్టి సభాధ్యక్షుడైన ఖతార్ ప్రతినిధి తీర్మానాలను గబగబా ఆమోదింపజేశాడు. దానికి ప్రతిగా మరుసటి ఏడాది బాన్‌లో రష్యా ఎజెండానే ఆమోదించనివ్వక ఒక అనుబంధ సంఘం పనిని రెండు వారాల పాటు స్తంభింపజేసింది. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో జీవవైవిధ్య ప్రణాళికను ఆమోదించేటప్పుడు, నిధుల విషయం తేలనిదే సమర్థించలేమని కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం ప్రతినిధి చెప్పిన కొద్దిసేపటికే సభాధ్యక్షుడైన చైనా మంత్రి సుత్తి కొట్టాడు. ఆ ఏడాదికి ఏడాది దుబాయి వాతావరణ సభలో, సముద్రమట్టం పెరిగితే ముందుగా మునిగిపోయే చిన్న ద్వీప దేశాల ప్రతినిధులు తమలో తాము మాట్లాడుకుంటూ ఇంకా సభామందిరంలోకి రాకముందే నిర్ణయం వెలువడింది. ఆ సంగతిని తరవాత సమోవా ప్రతినిధి వేదిక నుంచే చెప్పవలసి వచ్చింది.

వీటన్నిటికీ మించి మనకు గుర్తుండవలసినది 2024 నవంబరులో బాకూ వాతావరణ సభలో జరిగినది. అభివృద్ధి చెందుతున్న దేశాలు వాతావరణ నిధిగా ఏటా 1,30,000 కోట్ల డాలర్లు అడిగితే, 2035 నాటికి 30,000 కోట్ల డాలర్ల లక్ష్యం చాలని సంపన్న దేశాలు తేల్చాయి. ఆమోదానికి ముందే తాము మాట్లాడతామని భారత ప్రతినిధి బృందం కోరినా, ఆ అవకాశం ఇవ్వకుండానే నిర్ణయం ప్రకటించారు. ఆ మీదట మన ప్రతినిధి చాందినీ రైనా చేసిన ఆగ్రహ ప్రసంగాన్ని మన పత్రికలన్నీ ప్రముఖంగా ప్రచురించాయి. ఆ ప్రసంగానికి చప్పట్లు కూడా మోగాయి, కానీ తీర్మానంలో ఒక్క అంకె కూడా మారలేదు. అదే ఓటింగ్ జరిగి ఉంటే, అభివృద్ధి చెందుతున్న దేశాల సంఖ్యాబలం కనీసం లెక్కకైనా వచ్చేది. నూట నలభై కోట్ల జనాభా ఉన్న దేశం అభ్యంతరాన్నే దాటవేయగలిగిన పద్ధతిని మన రక్షణ కవచమని ఎలా నమ్మాలో విదేశాంగ నిపుణులు వివరించాలి.

దీనికి మూలం వాతావరణ ఒప్పందం తొలి సభలోనే ఉంది. 1995లో బెర్లిన్‌లో ఓటింగ్‌కు సంబంధించిన 42వ నిబంధనపై రాజీ కుదరక, మిగిలిన నియమావళిని తాత్కాలికంగా వర్తింపజేస్తూ పని మొదలుపెట్టారు. ఆ తాత్కాలికం మూడు దశాబ్దాలుగా కొనసాగుతోంది. చివరి మార్గంగా నాలుగింట మూడు వంతుల మెజారిటీతో ఓటు ఉండాలని 2011లో పాపువా న్యూగినీ, మెక్సికో ప్రతిపాదించినా ఫలితం లేకపోయింది. ప్లాస్టిక్ ఒప్పందం కూడా ఆ దారినే పోతోంది.

దీనికి భిన్నమైన నమూనా మన కళ్లముందే ఉంది. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987 సెప్టెంబరు 16న కుదిరిన మాంట్రియల్ ప్రోటోకాల్ విజయాన్ని అందరూ పొగుడుతారు గానీ, అది పనిచేసిన యంత్రాంగాన్ని గురించి చెప్పేవారు తక్కువ. మొదటి పాఠం ప్రకారం నియంత్రణల సవరణకు మూడింట రెండు వంతుల ఓట్లతో పాటు, ఆ రసాయనాల మొత్తం వాడకంలో కనీసం సగం వాటా ఉన్న దేశాల సమ్మతి కావాలి. అంటే ఎక్కువ వాడిన సంపన్న దేశాలదే పైచేయి. భారత్, చైనా అప్పట్లో ఒప్పందంలో చేరకుండా బయటే నిలిచి గట్టిగా బేరమాడాయి. 1990 జూన్‌లో లండన్ సమావేశానికి పర్యావరణ మంత్రిగా వెళ్లిన మేనకా గాంధీ డబ్బూ సాంకేతిక పరిజ్ఞానమూ ఇవ్వకుండా మమ్మల్ని కట్టడి చేయలేరని వాదించారు. ఆ సమావేశంలో రెండు మార్పులు వచ్చాయి. మొదటిది ఓటుకు సంబంధించినది: మూడింట రెండు వంతుల మెజారిటీలో అభివృద్ధి చెందుతున్న దేశాల్లో సగానికి పైగా, సంపన్న దేశాల్లో సగానికి పైగా వేర్వేరుగా ఉండి తీరాలి. రెండవది బహుపాక్షిక నిధి. దాని కార్యనిర్వాహక సంఘంలో అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. తొలి మూడేళ్లకు 16 కోట్ల డాలర్లతో మొదలుపెట్టి, భారత్, చైనా చేరితే మరో 8 కోట్లు కలుపుతామని అన్నారు. చైనా 1991లో, మనం 1992లో చేరాం.

ఈ ఒప్పందంలో అమలులో ఉన్న ఒక రసాయనంపై నియంత్రణను కఠినతరం చేయాలంటే ప్రతి దేశపు పార్లమెంటు తలుపూ మళ్లీ తట్టనక్కరలేదు. సభలో నిర్ణయమై, దేశాలకు తెలియజేసిన ఆరు నెలలకు అది అందరికీ వర్తిస్తుంది. ఓటు వేసే అధికారం ఇంత పదునుగా ఉన్నా, అక్కడి కీలక నిర్ణయాలు దాదాపుగా ఓటింగ్ లేకుండా రాజీతోనే జరిగాయి. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఆయువుపట్టు ఇదే. ఓడిపోయే అవకాశం ఉందని తెలిసిన దేశం చర్చలోకి దిగి, తనకు కావలసిన మినహాయింపు అడిగి, తీసుకుని, ఒప్పుకుంటుంది. మనకు పదేళ్ల అదనపు గడువు దొరికింది; నిధి నుంచి డబ్బూ వచ్చింది; ఉబ్బసం రోగుల ఇన్హేలర్ల వంటి మినహాయింపులు ఉంచుకుని, 2010 గడువుకన్నా ముందే, 2008 ఆగస్టు నాటికే ఓజోన్ పొరను దెబ్బతీసే క్లోరోఫ్లోరోకార్బన్ల ఉత్పత్తిని ఆపగలిగాం. ఓజోన్ పొర అంటార్కిటికాపై 2066 ప్రాంతానికి, మిగతా ప్రపంచంలో చాలాచోట్ల 2040 నాటికి 1980 నాటి స్థితికి చేరుతుందని 2022 నాటి శాస్త్రీయ అంచనా చెబుతోంది. 2016లో కిగాలీ సవరణ ద్వారా శీతలీకరణ వాయువులైన హెచ్‌ఎఫ్‌సీలను కూడా ఈ ఒప్పందం కిందికే తెచ్చారు. అందులోనూ మన దేశం మరికొన్ని దేశాలతో కలిసి విడిగా గడువు సంపాదించుకుంది: తగ్గింపు 2032లో మొదలై 2047 నాటికి 85 శాతానికి చేరాలి.

మరి ఓటు అనగానే ఢిల్లీ ఎందుకు ఉలిక్కిపడుతుంది? దీనికి ఎండోసల్ఫాన్ ఉదంతమే ప్రధాన కారణమని నేను అనుకుంటున్నాను. మన దేశం ఆ పురుగుమందుకు పెద్ద ఉత్పత్తిదారుగా ఉన్న రోజుల్లో, దీర్ఘకాలం నశించని విషరసాయనాలపై కుదిరిన స్టాక్‌హోం ఒప్పందం కింద నియమించిన శాస్త్రీయ సమీక్షా సంఘం మన ప్రతినిధి అభ్యంతరాలను కాదని 2008 నుంచి దానిని ఓట్లతోనే ముందుకు నడిపింది. ఇలా ఓటు వేయడం చెల్లదని మనం వాదించాం. కేరళలోని కాసర్‌గోడ్ జిల్లాలో జీడిమామిడి తోటలపై హెలికాప్టర్లతో ఏళ్ల తరబడి చల్లిన ఆ మందు ప్రభావానికి గురైన కుటుంబాలు, అవయవ లోపాలతో పుట్టిన పిల్లలు అప్పటికే దేశమంతటా చర్చనీయాంశంగా ఉన్నా, అంతర్జాతీయ వేదిక మీద మన గళం మాత్రం తయారీదారుల వైపే వినిపించింది. చివరకు 2011 ఏప్రిల్‌లో జెనీవాలో, కొన్ని పంటలకు తాత్కాలిక మినహాయింపులు తీసుకుని మనం ఒప్పుకున్నాం. అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు దేశంలో ఉత్పత్తిని, వాడకాన్ని నిలిపివేసింది. ఆనాడు ఆ ఓట్లలో ఓడినది భారత ప్రతినిధి బృందమే అయినా, గెలిచినవారు కాసర్‌గోడ్ పౌరులు, అంటే భారతీయులే. దేశ ప్రయోజనం, పరిశ్రమ ప్రయోజనం ఒకటే అనుకునే అలవాటు వల్ల ఆ ఓటమి మన అధికారులకు అవమానంగా మిగిలిపోయింది.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో జరిగినది తెలుగువారికి మరింత దగ్గరగా ఉంటుంది. మన ఊళ్లలో పశువుల కొట్టాల మీద, పౌల్ట్రీ షెడ్ల మీద, బీదల ఇళ్ల మీద ఇప్పటికీ పరచుకుని ఉన్న సిమెంటు రేకుల్లో క్రిసొటైల్ అనే తెల్ల ఆస్బెస్టాస్ వాడుతున్నారు. ఇది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థ ఎప్పుడో ప్రకటించింది. దీనిని రోటర్‌డాం ఒప్పందం మూడవ అనుబంధంలో చేర్చాలని 2006 నుంచి పదేపదే ప్రతిపాదన వస్తోంది. చేర్చినంత మాత్రాన నిషేధం పడదు. ఎగుమతి చేసే దేశం ప్రమాదాలను ముందుగా తెలిపి, దిగుమతి చేసుకునే దేశం సమ్మతి తీసుకోవాలి, అంతే. ఆ చిన్న జాగ్రత్తను కూడా ఎగుమతి దేశాలు అడ్డుకోగలుగుతున్నాయి, ఎందుకంటే ఆ ఒప్పందంలో అనుబంధ సవరణకు ఏకాభిప్రాయం తప్పనిసరి. 2011 జూన్‌లో మన ప్రతినిధులు ఒకసారి చేర్పును సమర్థిస్తున్నామని ప్రకటిస్తే సభంతా లేచి నిలబడి హర్షధ్వానాలు చేసింది. ఆనాడు కెనడా అడ్డుపడింది. తరవాతి సమావేశానికల్లా మనం మళ్లీ పాత పాటే ఎత్తుకున్నాం. మన గనుల్లో ఆస్బెస్టాస్ తవ్వకాన్ని ఆపివేసి, విదేశాల నుంచి మాత్రం తెప్పించుకుంటున్న దేశం, ఆ సరుకు మీద ఒక హెచ్చరిక పత్రం రావడాన్ని ఎందుకు వ్యతిరేకించాలి? రేకులను రంపంతో కోసే కూలీకి ఆ దుమ్ము ఏమిటో తెలియనివ్వనిది ఈ ఏకాభిప్రాయ నిబంధనే.

ఓటింగ్‌లో ప్రమాదాలు లేవని నేను అనడం లేదు. సంపన్న దేశాలు, ప్లాస్టిక్ పరిశ్రమ లేని చిన్న దేశాలు కలిస్తే మూడింట రెండు వంతులు సులభంగా పోగవుతాయి; పరిశ్రమా, దానిమీద బతికే లక్షల కార్మికులూ ఉన్న మనలాంటి దేశాలు అల్పసంఖ్యలో పడిపోతాయి. తలసరి వాడకం సంపన్న దేశాలకన్నా బాగా తక్కువగా ఉన్న దేశంపై అదే కొలతతో ఉత్పత్తి పరిమితి పెట్టడం అన్యాయమన్న మాటలోనూ నిజముంది. ఓటు ఉన్నంత మాత్రాన మంచే జరుగుతుందనీ లేదు. ఓడల కాలుష్యంపై రుసుము విధించే ప్రణాళికకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2025 ఏప్రిల్‌లో 63–16 ఓట్లతో అనుకూలత తెలిపింది. అదే సంస్థ అక్టోబరులో, అమెరికా బాహాటంగా బెదిరించిన తరవాత, 57–49 ఓట్లతో దానిని ఏడాది పాటు వాయిదా వేసింది. అయినా ఈ రెండో ఉదాహరణలో కూడా ఏ దేశం ఎటు నిలిచిందో అంకెల్లో నమోదైంది. ఏప్రిల్ ఓటింగ్‌లో అనుకూలంగా ఓటు వేసిన అరవై మూడింటిలో భారత్ కూడా ఉంది. కాబట్టి పర్యావరణ విషయాల్లో ఓటు వేయడం మన విధానానికే విరుద్ధమనే మాట నిలవదు.

పైగా ఓటులో ఓడితే సార్వభౌమత్వం పోతుందన్న భయానికి విరుగుడును మనమే ఇదివరకు వాడుకున్నాం. 2006లో స్టాక్‌హోం ఒప్పందాన్ని ఆమోదించేటప్పుడు, కొత్త రసాయనాల చేర్పు ఏదైనా తాము విడిగా ఆమోదించాకే తమకు వర్తిస్తుందని భారత్ ప్రకటించింది. ఆ వెసులుబాటుతోనే కేంద్ర మంత్రివర్గం 2020 అక్టోబరులో ఏడు రసాయనాలపై నిర్ణయం తీసుకుంది. శేషాచలం ఎర్రచందనాన్ని 1995 నుంచి తన రెండవ అనుబంధంలో ఉంచుకున్న, అంతరించిపోయే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటెస్ ఒప్పందంలోనూ నిర్ణయాలు మూడింట రెండు వంతుల ఓటుతోనే జరుగుతాయి. ఇష్టం లేని దేశం గడువులోగా మినహాయింపు ప్రకటించుకోవచ్చు. ఒక దేశం తన వరకు తాను తప్పుకోవడం వేరు, మిగతావారందరినీ ఆపివేయడం వేరు. మొదటి హక్కు మనకు ఉండాలి. రెండవది ఎవరికీ ఉండకూడదు.

కొత్త సంస్థలు కట్టాలన్న ప్రతిపాదనల గురించి ఒక మాట. 1972లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం పుట్టిన నాటి నుంచీ దానికి దేశాలు స్వచ్ఛందంగా ఇచ్చే విరాళాలే ప్రధాన ఆధారం. దాని స్థానంలో పూర్తిస్థాయి ప్రపంచ పర్యావరణ సంస్థ ఏర్పాటు చేయాలని ఫ్రాన్స్ చాలాకాలం పట్టుబట్టింది. రియో+20 సదస్సు తరవాత 58 దేశాల పాలకమండలి పోయి అన్ని దేశాలకూ సభ్యత్వం ఉన్న పర్యావరణ అసెంబ్లీ 2014లో కొలువుదీరింది. మంచిదే. కానీ ఎంత పెద్ద సభ ఏర్పాటు చేసినా, అది పురమాయించిన ఒప్పందం 38వ నిబంధన దగ్గర ఆగిపోతే ఆ సభ్యత్వానికి అర్థం లేదు. డబ్బు విషయమూ అంతే. 2012 అక్టోబరులో మన హైదరాబాద్‌లో జరిగిన జీవవైవిధ్య సదస్సు, బీద దేశాలకు అందే నిధులను 2015 నాటికి రెట్టింపు చేయాలని ఏకాభిప్రాయంతో తీర్మానించింది. ఏ దేశం ఎంత ఇవ్వాలో మాత్రం నిర్ణయించలేదు. పదేళ్ల తరవాత మాంట్రియల్‌లో కాంగో అభ్యంతరం చెప్పినది సరిగ్గా ఈ నిధుల గురించే.

అందువల్ల మన ప్రభుత్వం ప్లాస్టిక్ చర్చల తదుపరి విడతలో ఓటును గుడ్డిగా వ్యతిరేకించడం మాని, 1990లో లండన్‌లో సాధించిన సూత్రాన్నే ముందుకు తేవాలని కోరుతున్నాను. మూడింట రెండు వంతుల మెజారిటీ, అందులో రెండు వర్గాల దేశాలలోనూ విడివిడిగా సగానికి పైగా సమ్మతి, సమాన ప్రాతినిధ్యంతో నడిచే ప్రత్యేక నిధి, చెత్త ఏరుకుని బతికేవారి పునరావాసానికి ఆ నిధిలో స్థానం: ఈ నాలుగూ కలిపి అడిగితే ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల్లో చాలా వరకు మన వెంట నిలుస్తాయి. ఇప్పటిలా సౌదీ అరేబియా, రష్యాల పక్కన కూర్చుంటే నిధి ఊసే రాదు, ఎందుకంటే ఒప్పందమే లేనప్పుడు నిధి ఉండదు. 2019లో ప్రపంచం 46 కోట్ల టన్నుల ప్లాస్టిక్ వాడిందని, వ్యర్థాల్లో 9 శాతమే మళ్లీ వాడుకలోకి వచ్చిందని సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ అయిన ఓఈసీడీ లెక్కగట్టింది. 2022 జూలై నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువులను నిషేధించిన మన దేశానికి ఆ మిగతా వ్యర్థం సమస్య ఎంతటిదో కొత్తగా చెప్పనక్కరలేదు.

అంతర్జాతీయ చర్చల్లో మన ప్రతినిధులు ఏ వైఖరి తీసుకోవాలో నిర్ణయించేది కార్యనిర్వాహక వర్గమే. పార్లమెంటు ముందస్తు అనుమతి మన రాజ్యాంగం కోరదు. అయితే అడిగే హక్కు సభ్యులకు ఉంది. సైన్స్, పర్యావరణ వ్యవహారాల స్థాయీ సంఘం ఈ విషయాన్ని పరిశీలనకు తీసుకోవాలి. పారిస్, బుసాన్, జెనీవా సమావేశాలకు వెళ్లిన ప్రతినిధి బృందాలకు 38వ నిబంధనపై ఎలాంటి ఆదేశాలు ఇచ్చారో, ఆ ఆదేశాలు ఇచ్చే ముందు ఏయే రాష్ట్ర ప్రభుత్వాలను, కార్మిక సంఘాలను, పరిశ్రమ వర్గాలను సంప్రదించారో పర్యావరణ మంత్రి నుంచి లిఖితపూర్వక సమాధానం కోరుతూ, రెండు తెలుగు రాష్ట్రాల 42 మంది లోక్‌సభ సభ్యులలో ఒక్కరైనా వచ్చే సమావేశాల్లో ప్రశ్న వేయాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయుడు,
విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ